ఒకపూట కెప్టెన్

గోల్ఫ్ బంతి చెట్టుకు తగిలితే టక్కుమని మోగుతుంది. వింటర్‌కూమ్ పార్క్ క్లబ్బులో ఆట ముగిసే పద్దెనిమిదో గ్రీన్ పక్కన, బీచ్ జాతికి చెందిన పెద్ద చెట్టు మాత్రం అలా మోగేది కాదు. దానికి బంతి తగిలితే డుమ్మని, ధాన్యం అయిపోయిన గాదెను ఎవరో బయటినుంచి గుద్దినట్టు వినిపించేది. "ముసలమ్మ దగ్గింది" అని సభ్యులు నవ్వుకునేవారు. నాలుగేళ్లపాటు నవ్వుకున్నారు. ఆ నవ్వినవాళ్లలో కోట ఆంజనేయప్రసాద్ కూడా ఉన్నాడు.

ప్రసాద్‌ది పొన్నూరు దగ్గర పల్లె. 2003లో లండన్ వచ్చాడు. హారోలో కాపురం, ఒక బీమా కంపెనీలో డేటాబేసుల పని. భార్య బిందుమాధవి అక్కడే ఒక జీపీ సర్జరీలో, అంటే డాక్టరు క్లినిక్కులో, రిసెప్షనిస్టు. కూతురు అపూర్వ తెలుగు అంతా అర్థం చేసుకుని, జవాబు మాత్రం ఇంగ్లీషులో ఇచ్చే పిల్ల. ఆఫీసులో పై మెట్టు ఎక్కినవాళ్లందరూ సోమవారం పొద్దున ఆదివారం ఆడిన గోల్ఫ్ గురించే మాట్లాడుకుంటున్నారని గమనించి, 2009లో ప్రసాద్ కూడా ఒక పాత బ్యాగు కొనుక్కుని, బకింగమ్‌షైర్ కొండల మధ్యనున్న వింటర్‌కూమ్‌లో సభ్యత్వం తీసుకున్నాడు. వెంబ్లీలో ఉండే బావమరిది రఘువీర్ ఆ బ్యాగు చూసి, "ఇంత దూరమొచ్చి బిళ్లంగోడు ఆడతన్నావా బావా? అక్కడ పొన్నూరులో ఊరకే ఆడనిచ్చేవాళ్లుగా!" అన్నాడు.

ఆఫీసులో పై మెట్టు రాలేదు. ఆట మాత్రం మిగిలింది. ప్రసాద్ గొప్ప ఆటగాడేమీ కాడు. బంతి మెల్లగా, తిన్నగా కొడతాడు. ఇతరులు కొట్టినప్పుడు లేచిన గడ్డిపెళ్లల్ని కూడా తనే తీసుకొచ్చి కాలితో అదిమిపెడతాడు. పచ్చిక మీద ఉండగా ఇంటినుంచి ఫోను వస్తే తీయడు. తొమ్మిదేళ్లలో ఆ ప్రాంగణంలో అతని నోట ఒక్క తెలుగు ముక్క వినపడలేదు. అందరికీ అతను ఆండీ. ఆంజనేయ అనే పేరును అంతకంటే పొట్టిగా వాళ్లు కోయలేకపోయారు.

ఒక పాత జమీందారు వేటతోటలో కట్టిన క్లబ్బు అది. ఆ జమీందారు మేడ ఏనాడో కూలిపోయింది. అతను వరసగా నాటించిన ఆరు బీచ్ చెట్లు మాత్రం చెరువు దాకా నిలబడి ఉన్నాయి. బూడిదరంగు నున్నటి బెరడుతో ఒక్కో మాను ఏనుగు కాలులా ఉంటుంది. వాటిలో మొదటిది, అంటే దగ్గే చెట్టు, క్లబ్బు జెండా మీద కూడా ఉంది. దాని మొదట్లో ఒక బెంచీ. బెంచీ మీద రోజూ డెరిక్ ఫాల్షా.

డెరిక్‌కు ఎనభై మూడు. ఒకప్పటి కెప్టెన్. ఇప్పుడు ఆడలేడు. రోజూ ఫ్లాస్కులో టీ తెచ్చుకుని, కోటు గుండీలు మెడదాకా పెట్టుకుని కూర్చుంటాడు. అతని భార్య మ్యూరియెల్ బూడిదను ఆ చెట్టు మొదట్లోనే చల్లారు. అక్కడి క్లబ్బుల్లో అది మామూలు సంగతి. ఆడిన చోటే కలిసిపోవాలని కోరుకునేవాళ్లు ఉంటారు. ఆ చెట్టు కింద మ్యూరియెల్‌తోపాటు ఇంకొందరు కూడా ఉన్నారు. మొదటిసారి అది విన్నప్పుడు బిందుమాధవి చేతిలోని శాండ్‌విచ్ ప్లేటులో పెట్టేసింది. "అస్థికలు చల్లినచోట కూర్చుని తింటారా వీళ్లు? నీళ్లలో కలిపితే వాటి దారిన అవి పోతాయి కదండీ" అని భర్త చెవిలో అంది. ప్రసాద్ చుట్టూ చూసి, "గట్టిగా అనకు" అన్నాడు. ఎంత గట్టిగా అన్నా అక్కడెవరికీ తెలుగు రాదు.

ఆ డెరికే 2017 మొదట్లో ప్రసాద్ పేరును వైస్ కెప్టెన్‌గా ప్రతిపాదించాడు. క్లబ్బులో వైస్ కెప్టెన్ మరుసటేడు కెప్టెన్ అవుతాడు. నూరేళ్లు దాటిన ఆ క్లబ్బులో భారతీయుడు కెప్టెన్ కావడం అదే మొదలు. కొందరు గొణిగారు. డెరిక్ లేచి, "మన గడ్డిపెళ్లలు సరిచేస్తున్న ఒకే ఒక్కడు వీడు. నాకు వేరే కారణం అక్కర్లేదు" అన్నాడు. గొణుగుడు ఆగింది. ప్రసాద్ ఆ మాటను ఇంట్లో చాలాసార్లు చెప్పుకున్నాడు.

2017 అక్టోబరులో ఒక పొద్దున, పచ్చిక సంగతి చూసుకునే హెడ్ గ్రీన్‌కీపర్ కాలమ్ అతన్ని చెట్టు దగ్గరికి తీసుకెళ్లాడు. మైదానం, చెట్ల బాధ్యత వైస్ కెప్టెన్‌ది. చెట్టు మొదట్లో, బెంచీకి వెనకవైపు, విస్తళ్లంత గోధుమరంగు పుట్టగొడుగులు ఒకదాని మీద ఒకటి పరిచినట్టు లేచి ఉన్నాయి. వాటినుంచి పుల్లటి వాసన వస్తోంది.

"వేళ్లు కుళ్లితేనే ఇవి వస్తాయి. పైన ఆకు పచ్చగానే ఉంటుంది. పడేరోజు దాకా పచ్చగానే ఉంటుంది" అన్నాడు కాలమ్. "నరికించాలి. నువ్వు ఊఁ అంటే ఈ నెలలోనే మనుషుల్ని పిలుస్తాను."

"డెరిక్‌కు తెలుసా?"

"చెప్పాల్సింది నువ్వు."

ఆ ఆదివారం ప్రసాద్ బెంచీ దాకా వెళ్లాడు. డెరిక్ జరిగి చోటిచ్చాడు. ఫ్లాస్కు మూతలో టీ పోసి ఇచ్చాడు. ఏప్రిల్లో కొత్త కెప్టెన్ ఎలాంటి కోటు వేసుకోవాలో, ఉపన్యాసంలో ఏ జోకులు చెప్పకూడదో వివరించాడు. ప్రసాద్ టీ తాగి, మూత తుడిచి ఇచ్చి, లేచి వచ్చేశాడు.

ఇంటికొచ్చి భార్యకు సంగతి చెప్పాడు. బిందుమాధవి వారం డ్యూటీల పట్టిక ఫ్రిజ్‌కు అంటిస్తూ ఆగిపోయింది.

"శుభమా అని పదవిలోకి వెళుతూ పచ్చటి చెట్టు కొట్టిస్తారా? అదీ అంతమంది అస్థికలున్న చెట్టు! ఆ తొలిబంతి పండగేదో ఏప్రిల్లోనేగా. అది కానివ్వండి. ఆ తర్వాత మీ ఇష్టం."

ప్రసాద్‌కు శకునాల మీద నమ్మకం లేదు. అయినా ఆ మాట అతనికి హాయిగా అనిపించింది. ఎవరో ఒకరు ఆగమని చెప్పాలని అతను ఎదురుచూస్తున్నాడు. సోమవారం కాలమ్‌కు ఫోన్ చేసి, "డ్రైవ్-ఇన్ అయ్యాక చూద్దాం" అన్నాడు. "నీ ఇష్టం, ఆండీ" అన్నాడు కాలమ్. పుట్టగొడుగులు నవంబరులో నల్లబడి, తొలి మంచుకు జారి మట్టిలో కలిసిపోయాయి. ఇప్పుడు చూసినవాళ్లకు చెట్టు ఏ లోపమూ లేకుండా కనిపిస్తుంది.

ఆ చలికాలం ప్రసాద్ వాతావరణ సూచనలు వినడం మొదలుపెట్టాడు. హారోలో కిటికీ అద్దాలు గాలికి ఊగినప్పుడల్లా అతనికి ఆ బెంచీ గుర్తొచ్చేది. ఫిబ్రవరి చివర్లో తూర్పునుంచి మంచుగాలి వీచి దేశమంతా ఆగిపోయింది. చెట్టు మాత్రం పడకుండా నిలిచింది. మార్చి అంతా వాన. పచ్చిక మీద అడుగేస్తే నీళ్లు చిమ్మాయి. డెరిక్ గొడుగు వేసుకుని మరీ వచ్చి కూర్చున్నాడు. "నువ్వు బంతి కొట్టేరోజు ఎండ కాస్తుంది, చూడు. మ్యూరియెల్ చూసుకుంటుంది" అన్నాడు.

డ్రైవ్-ఇన్ అంటే కొత్త కెప్టెన్ పట్టాభిషేకం. సభ్యులంతా రెండు వైపులా వరసకట్టి నిలబడతారు. కెప్టెన్ మొదటి టీ మీద, అంటే ఆట మొదలుపెట్టే గడ్డి దిమ్మె మీద, నిలబడి, అందరూ చూస్తుండగా ఒక్క బంతి కొడతాడు. ఎంత దూరం పోతుందో ముందే ఊహించి చీటీలు వేసుకుంటారు. బంతి గాల్లోకి లేవగానే పాత ఫిరంగి పేలుస్తారు. ఆ దెబ్బ పడేదాకా అతను కెప్టెన్ కాడు.

ఏప్రిల్ రెండో ఆదివారం నిజంగానే ఎండ కాసింది. దాంతోపాటు నైరుతి గాలి. బిందుమాధవి పట్టుచీర మీద ఉన్నికోటు వేసుకుని వచ్చింది. రఘువీర్ కెమెరా తెచ్చాడు. మొదటి టీ పక్కనే పద్దెనిమిదో గ్రీన్, దాని పక్కనే చెట్టు. గాలికి అడ్డుగా ఉంటుందని జనం సగంమంది ఆ చెట్టు చాటునే చేరారు. బెంచీ మీద డెరిక్. పక్కన అపూర్వ. పదిహేనేళ్ల ఆ పిల్లకు బంతిని మెల్లగా దొర్లించడం డెరిక్కే నేర్పాడు. అతని జేబులోని పిప్పరమెంట్లలో సగం ఆమెవే.

ప్రసాద్ బంతిని పుల్ల మీద నిలబెట్టి, తల ఎత్తి చూశాడు. అప్పుడు కనపడింది.

చెట్టుకు గాలి వచ్చి కొట్టే వైపు, గడ్డిలో ఒక గీత. గాలి విసిరినప్పుడు ఆ గీత తెరుచుకుంటోంది. గాలి తగ్గినప్పుడు మూసుకుంటోంది. గడ్డితో, మట్టితో సహా నేల లేస్తోంది, దిగుతోంది. పడుకున్న పశువు డొక్క ఎగసిపడుతున్నట్టు. జనం అందరూ అతన్నే చూస్తున్నారు. వాళ్ల వెనక నేల ఊపిరి తీస్తోంది.

ఫిరంగి దగ్గర కాలమ్ నిలబడి ఉన్నాడు. అతను కూడా అటే చూస్తున్నాడు. ఇద్దరి కళ్లూ కలిశాయి.

"దయచేసి అందరూ ఆ చెట్టు కిందినుంచి ఇవతలికి రండి" అన్నాడు ప్రసాద్. నవ్వులు లేచాయి. "ఆండీ, అంత వంకరగా కొడతావా?" అని ఎవరో అరిచారు. ఇంకా పెద్ద నవ్వు.

"అపూర్వా! లే అక్కణ్ణుంచి! ఇటు రా!"

తెలుగులో, గొంతు చిరిగేలా అరిచాడు. నవ్వులు టక్కున ఆగాయి. ఆ గొంతు వాళ్లెప్పుడూ వినలేదు. కాలమ్ అప్పటికే చేతులూపుతూ జనాన్ని తోలుతున్నాడు. గీత చూసినవాళ్లు గబగబా నడిచారు. చూడనివాళ్లు వాళ్లను చూసి నడిచారు. అపూర్వ వచ్చింది. "డాడ్, డెరిక్ రానంటున్నాడు" అంది ఇంగ్లీషులో.

ప్రసాద్ కర్ర పడేసి చెట్టు కిందికి వెళ్లాడు.

"లేవండి డెరిక్. వేళ్లు కదులుతున్నాయి."

"ఈ చెట్టు నాకంటే గట్టిది. వెళ్లి నీ బంతి కొట్టు."

"మీరు లేస్తేనే కొడతాను."

"మ్యూరియెల్‌ను ఇక్కడ వదిలి రమ్మంటావా?"

"మా దగ్గర ఏట్లో కలుపుతాం డెరిక్. ఎవరూ కాపలా కూర్చోరు."

"ఇది మీ దగ్గర కాదు" అన్నాడు డెరిక్, అతని వంక చూడకుండా.

ప్రసాద్ కాలమ్‌ను పిలిచాడు. రఘువీర్‌ను, ఒక సభ్యుణ్ణి పిలిచాడు. నలుగురూ బెంచీకి నాలుగు మూలలా పట్టుకుని, మనిషితో సహా ఎత్తారు. డెరిక్ చేతిపట్లు బిగించి పట్టుకుని, కళ్లెర్రజేసి తిన్నగా ముందుకు చూస్తూ కూర్చున్నాడు. అలా మోసుకుంటూ క్లబ్‌హౌస్ వైపు పచ్చిక మీద నలభై అడుగులు తెచ్చి దించారు. పల్లకీ ఊరేగింపు చూసినట్టు ఇంగ్లీషువాళ్లు చప్పట్లు కొట్టారు. బిందుమాధవి మాత్రం ముఖం తిప్పుకుంది. నలుగురు మోసుకెళ్లడం ఆమెకు పల్లకీలా కనిపించలేదు.

ప్రసాద్ వెనక్కి వచ్చి, కర్ర తీసుకుని, ఒక కన్ను చెట్టు మీదే ఉంచి బంతి కొట్టాడు. అది నేల మీదే దొర్లి, కొద్ది దూరంలో పొడుగు గడ్డిలో ఆగింది. ఫిరంగి పేలింది. అతను కెప్టెన్ అయ్యాడు. చెట్టు పడలేదు.

భోజనాల దగ్గర అదే వేళాకోళం. కొత్త కెప్టెన్‌కు అప్పుడే ఒక పేరు కూడా పెట్టారు: చెట్టు ఆండీ. కాలమ్ చెట్టు చుట్టూ కట్టడానికి టేపు తేవాలని షెడ్డుకు వెళ్లాడు. రఘువీర్ ప్లేటు నింపుకుంటూ, "చెట్టు పడకపోతే పడకపోయింది గానీ, నీ బంతి చూశాక మన గుంటూరు జిల్లా పరువు పోయింది బావా" అన్నాడు. ప్రసాద్ నవ్వాడు. తొమ్మిదేళ్లుగా ఎదురుచూసిన ఉపన్యాసం కాగితం జేబులోంచి తీసి, గాజు తలుపులకు ఎదురుగా లేచి నిలబడ్డాడు.

"మిత్రులారా, ముందుగా నన్ను ఈ చోటికి తెచ్చిన మనిషికి..." అంటూ డెరిక్ కోసం చూశాడు. డెరిక్ కుర్చీ ఖాళీగా ఉంది.

గాజు తలుపులోంచి కనిపించాడు. బయట ఎండలో, తెచ్చి దించినచోటే, అలిగి కూర్చుని ఉన్నాడు. అపూర్వ అతనికి ప్లేటు తీసుకెళ్లి పక్కన కూర్చుంది. పొద్దు పడమటికి వాలింది. చెట్టు నీడ పచ్చిక మీద పొడుగ్గా, ఆకుల్లేని కొమ్మల వలలా పరుచుకుని ఉంది. బెంచీ ఆ నీడలోనే ఉంది. చివర కాదు. ఇంకా చాలా లోపల.

గాలి ఎటు వీస్తోందో నీడ కూడా దాదాపు అటే పడింది. ఆ చెట్టు పడితే ఎంత దూరం అందుకుంటుందో మోసిన నలుగురిలో ఒక్కరూ ఆలోచించలేదు.

ప్రసాద్ కాగితం అలాగే పట్టుకుని తలుపు తోసుకుని పరిగెత్తాడు. దూరం నుంచే అరిచాడు. "అపూర్వా, లే! ఆయన్ని లేపు!" ఈసారి పిల్ల ఎందుకని అడగలేదు. "వస్తున్నా నాన్నా" అంది తెలుగులోనే. డెరిక్ చెయ్యి పట్టుకుని లాగింది. ఆ పిల్ల చేతిని విదిలించుకోవడం డెరిక్‌కు చేతకాలేదు. లేచాడు. ముగ్గురూ క్లబ్‌హౌస్ మెట్లు ఎక్కుతుండగా వెనకనుంచి పెద్ద నిట్టూర్పు లాంటిది వినిపించింది. ఆ తర్వాత కాళ్లకింద మెట్టు అదిరింది. లోపల గాజుగ్లాసులన్నీ ఒక్కసారి గలగలలాడాయి.

వెనక్కి తిరిగి చూస్తే ఆకాశం ఎక్కువగా ఉంది. చెట్టు పచ్చిక మీద పడుకుని ఉంది. పై కొమ్మల్లో బెంచీ పలకలు పుల్లల్లా విరిగి ఇరుక్కున్నాయి. మాను మొదట్లో మనిషిలోతు గొయ్యి. అందులో వేళ్లనేవే కనపడలేదు. తడి పొట్టు లాంటిదేదో ఉంది.

అరగంటలో క్లబ్బు కమిటీ వెనకగదిలో కూర్చుంది. అందరూ మెచ్చుకుంటున్నారు. ఎవరో బ్రాందీ పోసి ఇచ్చారు. కార్యదర్శి బీమావాళ్లకు చెప్పడానికని మామూలుగా అడిగాడు: "చెట్టు బాగాలేదని మొదట ఎప్పుడు తెలిసింది, ఆండీ?"

డెరిక్ కూడా ఆ గదిలోనే ఉన్నాడు, భుజాల మీద దుప్పటితో.

ఇవాళే అనొచ్చు. గీత ఇవాళే కనపడింది. కాలమ్ ఆ గదిలో లేడు.

"అక్టోబరులో" అన్నాడు ప్రసాద్.

డెరిక్ మెల్లగా తల తిప్పాడు.

"చలికాలమంతా నన్ను అక్కడే కూర్చోనిచ్చావు."

"అవును."

"నా టీ తాగావు."

ప్రసాద్ బ్రాందీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. శుభం ముందు అశుభం వద్దనుకున్నామని ఇంగ్లీషులో ఎలా చెప్పినా అది సాకులాగే ఉంటుంది. తెలుగులో చెప్పినా అంతే. సాయంత్రం ఇంటికి వెళ్లేలోపు రాజీనామా ఇచ్చాడు. కమిటీ ఎంతో విచారంతో, వెంటనే ఆమోదించింది. గోడ మీది చెక్కపలకపై అతని పేరును అప్పటికే బంగారు అక్షరాలతో రాసేశారు. దాన్ని చెరపడం మర్యాద కాదని వదిలేసి, కింద మరొకరి పేరు రాశారు. 2018కి ఆ క్లబ్బులో ఇద్దరు కెప్టెన్లు.

సభ్యత్వం మాత్రం అతను వదల్లేదు. "ఇంకా ఏం మొహం పెట్టుకుని వెళతారండీ?" అని బిందుమాధవి అడిగింది. "పోతే చెట్టు పడేసి పోయానంటారు" అన్నాడు. ఆ వేసవి ఎండకు మైదానమంతా గోధుమరంగుకు తిరిగింది. ప్రసాద్ ఎక్కువగా ఒంటరిగానే ఆడాడు. డెరిక్‌కు క్లబ్బు కొత్త బెంచీ చేయించి, వరసలో రెండో బీచ్ చెట్టు కింద వేసింది. మ్యూరియెల్‌కు అక్కణ్ణుంచి కూడా దగ్గరేనని అందరూ అనుకున్నారు. డెరిక్ మళ్లీ ఫ్లాస్కు తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. ప్రసాద్ అటుగా వెళితే ఫ్లాస్కు మూత బిగించేవాడు.

అక్టోబరులో ఒక మబ్బు పట్టిన మధ్యాహ్నం ప్రసాద్ పద్దెనిమిదో గ్రీన్ వైపు కొట్టిన బంతి కుడికి వంగింది. రెండో చెట్టు మాను మీద, బెంచీకి వెనకవైపు తగిలింది.

డుమ్మని మోగింది.

వెనకవస్తున్న నలుగురు సభ్యులు ఆగిపోయారు. ఎవరూ నవ్వలేదు. ముసలమ్మ మాట ఎవరూ ఎత్తలేదు. అందరూ ప్రసాద్ వంక చూశారు. గాలి లేదు. ఆకులు పచ్చగానే ఉన్నాయి.

ప్రసాద్ బ్యాగు అక్కడే పడేసి, జేబులోంచి ఫోను తీసి కాలమ్ నంబరు నొక్కుతూ చెట్టు దగ్గరికి నడిచాడు.

"లేవండి డెరిక్" అన్నాడు.

డెరిక్ టీ గడ్డి మీద పారబోసి, మూత బిగించి, బెంచీ చేతిపట్టు ఊతగా లేచాడు.

"ఇది ఏ నెల?"

"అక్టోబరు."

"సరే. ఈసారి ఆరు నెలలు ముందున్నావు."

బెంచీ చుట్టూ తిరిగి అవతలికి వచ్చాక ముసలాయన తల తిప్పి, చెరువు దాకా వరసగా ఉన్న మిగతా నాలుగు చెట్ల వైపు చూశాడు. "నీ దగ్గర ఇంకో నాలుగు బంతులున్నాయా?" అని అడిగాడు.

ప్రసాద్ బ్యాగు దగ్గరికి వెనక్కి నడిచాడు.